ఆట చూడని ఇన్నయ్య

తాడును ఈ కొసన మేకుకు కట్టి, ఆ కొసన బిగించి, దాని వెంట వంగి నడుస్తూ డబ్బాలోని సున్నం పోసుకుంటూ పోతున్నాడు ఇన్నయ్య. సగం గీత పడేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఎడమ భుజంలోంచి మోచేతి దాకా ఏదో లాగుతోంది. కొద్ది రోజులుగా ఇదే వరస. "ఇయ్యాల ఒక్కనాడు ఊకో," అని తన భుజానికి తనే చెప్పుకుని మళ్లీ వంగాడు.

యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ కోర్టంటే అప్పట్లో సిమెంటుది కాదు, మట్టిది. ఎర్రమట్టి పరిచి, నీళ్లు చల్లి, రోలరు లాగి, పగుళ్లు పూడ్చి, గీతలు గీసి దాన్ని కోర్టు చేసేది ఇన్నయ్యే. సన్నటి మనిషి. చెంపలు లోపలికి పోయాయి. కనుబొమ్మల మీద ఎప్పుడూ సున్నపు దుమ్మే. ఖాకీ నిక్కరు కింద పిక్కల నరాలు ఉబ్బి కనిపిస్తాయి. పెళ్లయిన కొత్తలో వరంగల్ పక్కనున్న ఊరు వదిలి వచ్చి ఈ పనిలో చేరాడు. జుట్టు తెల్లబడింది గాని పని మారలేదు.

ఇంత చేసిన మనిషి ఇన్నేళ్లలో ఒక్క మ్యాచి కూడా పూర్తిగా చూడలేదంటే నమ్ముతారా? చేరిన కొత్తలో ఒకసారి చూడబోయాడు పాపం. ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక కుర్రాడు ఎగిరి ఎగిరి బంతి వేస్తుంటే నోరు తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా చూశాడు. "ఏం పిలగాడురా!" అని పైకే అనేశాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే కుర్రాడు పడ్డాడు. కాలు విరిగింది. "ఎవని దిష్టి తగిలిందో," అన్నారు పక్కనెవరో. ఇంకెవడిది? తనదే! ఆ పూట అన్నం ముట్టలేదు ఇన్నయ్య.

అప్పటి నుంచి మ్యాచి మొదలైతే చాలు, రింగు వెనకున్న వేపచెట్టు కింద, కోర్టుకు వీపు తిప్పి, రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. చప్పుళ్లను బట్టే ఆట పోల్చుకుంటాడు. మొదట్లో కుర్రాళ్లు ఆటపట్టించేవారు. అతను అలా కూర్చున్న రోజుల్లో గెలుస్తూ పోయేసరికి వాళ్లకూ గురి కుదిరింది. ఇప్పుడు కెప్టెనే స్వయంగా చెయ్యి పట్టుకొచ్చి చెట్టు కింద కూర్చోబెడతాడు. అలాంటివి నమ్మకూడదని చర్చిలో ఫాదరు చెబితే ఇన్నయ్య భక్తిగా తలూపుతాడు. తిరిగొచ్చి మళ్లీ వీపు తిప్పుకునే కూర్చుంటాడు.

ఆ ఏడు ఆటలు జరుగుతాయనే ఎవరూ అనుకోలేదు. తెలంగాణ గొడవలతో కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి. కోర్టు నిండా గడ్డి మొలిచింది. లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు, జైలుకు పోయొచ్చినవాళ్లు, ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లు మెల్లగా తిరిగొచ్చి జట్టుగా కూడారు. పోటీలకు ముందు ఆడిన మొదటి మ్యాచి ఘోరంగా ఓడారు. కాళ్లు కదలవు, ఒకరి చేతి బంతి ఇంకొకరికి అందదు. ఇన్నయ్య గడ్డి పీకి, కోర్టును మళ్లీ మొదటి నుంచి కట్టుకొచ్చాడు. వాళ్లూ అలాగే కట్టుకొచ్చారు. ఒక్కో కాలేజీనీ దాటుకుంటూ ఫైనల్ దాకా వచ్చారు. ఆ ఫైనల్ ఈ సాయంత్రమే.

మధ్యాహ్నం లాలాపేట్ నుంచి లూర్దమ్మ అన్నం గిన్నె పట్టుకొచ్చింది. మొగుడి ముఖం చూడగానే గిన్నె పక్కన పెట్టేసింది.

"నీ రంగే మారిపోయింది గదయ్యా. లే, దవాఖానకు పోదాం పా."

"మ్యాచి అయినంక పోదామే."

"మ్యాచి! నువ్వు సూసేదా పెట్టేదా? రోడ్డు మీద పోయే రిక్షాలు లెక్కపెడ్తవ్, గంతే."

ఇన్నయ్య నవ్వబోయి దగ్గాడు. "నేను కనబడకపోతే పిలగాండ్లు పరేషానయితరు. వాండ్లకు నా మీద నమ్మకం."

"గంత పానం పెట్టుకున్నోనివి ఒక్కపారి తిరిగి సూడరాదూ?"

"వద్దే. నా కన్ను మంచిది గాదు."

"నీ కన్ను మంచిది గాకపోతే నేనెట్ల బతికిన ఇన్నేండ్లు?" అంది లూర్దమ్మ. కళ్లు తుడుచుకుంటూ లేచింది. పొద్దుగూకేలోపు ఇంటికి రాకపోతే తనే వచ్చి లాక్కుపోతానని బెదిరించి వెళ్లింది.

ఒక్కపారి తిరిగి సూడరాదూ అన్న మాట ఇన్నయ్యకు తగలాల్సిన చోటే తగిలింది. చూడాలని ఉండదా? ఉంటుంది. కెప్టెన్ కొమురెల్లి బంతి వేస్తుంటే రింగు చప్పుడు చెయ్యదంటారు. వీపు తిప్పుకుని కూర్చున్నవాడికి చప్పుడు లేని బంతి ఎలా తెలుస్తుంది? జనం అరుపే తెలుస్తుంది.

సాయంత్రం ఎండ వాలాక కొమురెల్లి వచ్చాడు. పొడుగాటి మనిషి, జనగామ దిక్కు రైతు బిడ్డ. అలవాటుగా ఇన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి గింత సల్లగున్నదేంది తాతా?"

"నీళ్లల్ల పెట్టిన బిడ్డా."

"గిది నా ఆఖరి మ్యాచి. వచ్చే ఏడు నేనుండ. తిరిగి సూడకు మల్ల!"

"నాకెర్క లేదా? నువ్ పో, మంచిగాడు."

విజిలు మోగింది. ఇన్నయ్య రోడ్డు వైపు చూస్తూ చెవులు మాత్రం కోర్టుకు అప్పగించాడు. మెత్తటి మట్టి మీద కాళ్ల చప్పుడు, బంతి చప్పుడు, చప్పట్లు. మొదట మనవాళ్లదే పైచేయి. తరువాత అవతలి జట్టు అరుపులు పెరిగాయి. నొప్పి భుజం దాటి దవడలోకి పాకింది. చెట్టుకు ఆనుకుని ఊపిరి చిన్న చిన్నగా తీసుకున్నాడు. ఒక్క పాయింటు వెనకున్నామని ఎవరో అరిచారు. ఇక ఆట ముగిసిపోతోందనీ అరిచారు.

ఉన్నట్టుండి ధబ్బుమని చప్పుడు.

"పడ్డడు! కొమురెల్లి పడ్డడు!"

అయ్యో, మళ్లీనా! ఇన్నయ్యకు ఆనాడు కాలు విరిగిన కుర్రాడే కళ్లముందు మెదిలాడు. దిష్టి, ఆచారం ఏమీ గుర్తు రాలేదు. చెట్టు మొదలు పట్టుకుని గిర్రున తిరిగి కూర్చున్నాడు.

కొమురెల్లి మోకాలు దులుపుకుంటూ లేస్తున్నాడు. కాలు బాగానే ఉంది. హమ్మయ్య! అవతలివాడు తోసినందుకు, ఎవరూ అడ్డురాకుండా రింగులో వేసుకోమని రిఫరీ రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాడు. రెండూ పడితే గెలుపే. అప్పుడైనా ఇన్నయ్య మళ్లీ రోడ్డు వైపు తిరగాలి. తిరగలేదు. తిరగబుద్ధి కాలేదు. తను గీసిన గీత దగ్గర, తను పరిచిన మట్టి మీద, పిల్లలంతా చెమటతో మెరుస్తూ నిలబడి ఉన్నారు. ఎంత చక్కగా ఉన్నారో! ఇంత చక్కటిదాన్ని ఇన్నేళ్లూ వీపుతో చూశానా అని ఇన్నయ్యకు ఏడుపొచ్చింది. కొమురెల్లి బంతి పట్టుకుని రింగు కేసి తలెత్తాడు. నొప్పి ఎక్కడికి పోయిందో పోయింది. ఆ బంతి ఎటు వెళ్లిందో ఇన్నయ్యకు తెలియదు.

తలెత్తిన కొమురెల్లికి రింగు కింద నుంచి ఇన్నయ్య ముఖం కనబడింది. మొదటి బంతి రింగుకు తగిలి బయటికొచ్చింది. రెండోది రింగును కూడా తాకలేదు. విజిలు మోగింది. అవతలివాళ్లు గంతులేస్తూ కోర్టులోకి ఉరికారు.

కొమురెల్లి నేరుగా చెట్టు దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు సూసినవ్ తాతా? ఇన్నేండ్లు సూడనోనివి, ఇయ్యాల్నే సూడాల్నా? నిన్ను జూసే నా చెయ్యి తప్పింది!"

ఇన్నయ్య తెరిచిన కళ్లతో కోర్టు వైపే చూస్తున్నాడు. పెదవుల మీద మెచ్చుకోలు లాంటిదేదో ఉంది.

"మాట్లాడవేంది?" అని కొమురెల్లి భుజం పట్టి ఊపాడు. తల పక్కకు వాలిపోయింది.

ఆ కుర్రాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "తాతా, కోపంల అన్న... తాతా, నువ్ సూడు... ఎంతసేపన్న సూడు..." అంటూ ఆ చల్లటి చేతుల్ని తన చెంపలకు రుద్దుకున్నాడు. గంతులేస్తున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు.

జట్టంతా కలిసి ఇన్నయ్యను ఎత్తుకుని తార్నాక మీదుగా లాలాపేట్ దారి పట్టారు. మొగుణ్ణి లాక్కుపోవడానికి బయలుదేరిన లూర్దమ్మ వాళ్లకు సగం దారిలోనే ఎదురైంది.

వేపచెట్టు కింద ఇన్నయ్య విడిచిన చెప్పులు ఉండిపోయాయి, రోడ్డు వైపు తిరిగి.