మూడు టిక్కుల పట్టకారు

"ఆగవయ్యా బాబూ, ఆగు" అని వీధి చివర్నుంచి ఒక కేక.

మెరిన్ తల కూడా ఎత్తలేదు. ఒళ్ళో చంటిపిల్ల ఐవీ నోటికి గుమ్మడికాయ గుజ్జు అందిస్తూనే ఉంది. ఆ కేక ఆమె నిన్ననే వినేసింది మరి. ఎదురింటి నెవ్ పైజామాతో, ఒంటికాలి చెప్పుతో, చక్రాల చెత్తడబ్బా దడదడ లాక్కుంటూ చెత్తబండి వెనక పరిగెడుతున్నాడు. బండివాడు ఆగలేదు.

"నిన్ననే చెప్పాను, డబ్బా రాత్రే బయట పెట్టుకోమని" అంది.

"వాడికి చెప్పడమూ జెట్టీ కింద పీతకి చెప్పడమూ ఒకటే" అన్నాడు ఆమె మొగుడు గ్లెన్, బూట్లు తొడుక్కుంటూ.

సంగతేమిటంటే, అడిలైడ్‌లో పిల్లల పెంపకం మీద ఒక పత్రిక ఉంది. వాళ్ళు నెలకో పార్శిలు సముద్రం పక్క ఊరు వాలరూలో ఉన్న మెరిన్‌కి పంపిస్తారు. కొత్తగా వచ్చిన ఇంటి సామాన్లన్నీ పిల్లలున్న ఇంట్లో వాడి చూసి, ఎలా ఉందో ఫారం నింపి పంపాలి. అలా ఆ ఇంట్లోకి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. బల్లకి అతుక్కుపోయే గిన్నె వచ్చింది, ఐవీ రెండో రోజుకే దాన్ని ఊడబెరికి నెత్తిన బోర్లించుకుంది. కళ్ళు మండని షాంపూ వచ్చింది, పిల్లకి మండలేదు గానీ తల్లికి మండాయి. ఈ నెల వచ్చింది బేబీ మానిటరు. వినే పెట్టె పాప దగ్గర పెడితే, పలికే పెట్టె తల్లి ఏప్రన్ జేబులో ఉంటుంది. మెరిన్ దానికి రాసిన ఫారం ఇదీ: "మాట స్పష్టం. బ్యాటరీ బాగా వస్తుంది. ఒక రోజు ముందుగా వినిపిస్తుంది." పత్రికవాళ్ళు జవాబు రాశారు. ధన్యవాదాలు, తడిగుడ్డతో తుడవచ్చా అని.

తుడవచ్చు.

అయితే ఆ పెట్టె చెప్పిందల్లా జరిగి తీరుతుందనుకునేరు. అదేం లేదు. ఓసారి ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు ఎంత కమ్మగానో వినిపించింది. తీరా మర్నాడు ఇంట్లో ఉల్లిపాయ లేదు, వెళ్ళి తెచ్చే ఓపిక ఎవరికీ లేదు, చప్పుడూ రాలేదు. ఆ రోజు అందరూ రొట్టెకి వెన్న రాసుకుని తిన్నారు. పెట్టె వినిపించేది సగమే, మిగతా సగం మనుషులు చేసుకోవాలని మెరిన్‌కి అప్పుడే అర్థమైంది.

ఆ బుధవారం సాయంత్రం వినే పెట్టె వంటింటి కిటికీలో, పెరటి వైపు తిరిగి ఉంది. మెరిన్ గిన్నెలు తోముతోంది. జేబులోంచి మంట మీద కొవ్వు చిటపటలాడే చప్పుడు వచ్చింది. ఆ వెంటనే మరో చప్పుడు.

టిక్. టిక్. టిక్.

ఆమె చేతిలో పళ్ళెం నీళ్ళలోకి జారిపోయింది. బార్బెక్యూ పొయ్యి ముందు నిలబడ్డ ఏ మనిషైనా పట్టకారు ఓసారి మూసి తెరిచి చూసుకుంటాడు, అది సహజం. మూడుసార్లు ఆడించి గానీ మాంసం ముట్టనివాడు ఆమె ఎరికలో ఒక్కడే, మామగారు లెస్.

లెస్ ఉండేది నాలుగు వీధుల అవతల. మెరిన్ వాళ్ళు ఆ ఇంటి గడప తొక్కి మూడేళ్ళు దాటింది. అదీ ఓ పార్శిలు పుణ్యమే. ఆ డిసెంబరులో పత్రికవాళ్ళు మాంసంలో గుచ్చే థర్మామీటరు పంపారు. పదిమంది తినే చోట వాడి చూడండి అని రాశారు. మెరిన్ దాన్ని గ్లెన్ చేతిలో పెట్టి, పో, చూసిరా అంది. ఫుట్‌బాల్ క్లబ్బులో క్రిస్మస్ భోజనానికి ఇరవైమంది చూస్తుండగా గ్లెన్ నాన్న కాలుస్తున్న గొర్రెతొడలో ఆ పుల్ల గుచ్చాడు. ఇంకా పచ్చిగానే ఉంది అని అందరికీ వినపడేలా చదివాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది, ఆయన చేతిలో పట్టకారు తీసేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ క్లబ్బు పొయ్యి ఏలిన మనిషి. చేతులు తుడుచుకుని, పికప్ బండెక్కి వెళ్ళిపోయాడు. కొడుకు కూడా ఆయన కొడుకే కదా. మాంసం పచ్చిగా ఉన్న మాట నిజమే కదా అని భీష్మించుక్కూర్చున్నాడు. మెరిన్ మాత్రం ఆ ఫారంలో "చక్కగా పనిచేస్తుంది" అని రాసి, ఆ పూటంతా దిగులుగా తిరిగింది.

ఇప్పుడేమో లెస్ ఇంటికి తాళం వేసి క్వీన్స్‌లాండ్‌లో చెల్లెలి దగ్గరికి పోతున్నాడు. రేపు సాయంత్రం ఎండ తగ్గాక సామాను లారీ బయల్దేరుతుందని నెవ్ ద్వారా తెలిసింది. పోతే ఇక పోయినట్టే, డెబ్బై నాలుగేళ్ళ మనిషి మళ్ళీ అంత దూరం ఏం వస్తాడు.

గ్లెన్ రాగానే ఆ టిక్కుల సంగతి చెప్పింది.

"వస్తే రానీ. పెట్టె చెప్పింది కదా" అన్నాడు అతను.

"ఉల్లిపాయలు కూడా చెప్పింది."

గ్లెన్ స్నానానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మెరిన్ రెండు పనులు చేసింది. మాంసం కొట్టుకు పోయి, మామూలుగా తెచ్చే సన్న ముక్కలు కాకుండా ఎముకతో సహా ఇంత లావు గొర్రెతొడ తెచ్చింది. పైకి చూసి అది లోపల ఉడికిందో లేదో చెప్పడం గ్లెన్ వల్ల కాదు. రెండోది, థర్మామీటరులో బొత్తాము బ్యాటరీ ఊడదీసి చక్కెర డబ్బాలో దాచింది. ఆరేళ్ళ టెస్ చూసి, అదేంటమ్మా అంది. పరీక్ష అంది మెరిన్.

ఆరింటికి పెరట్లో పొగ లేచింది. గ్లెన్ ఆ తొడని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పుల్ల గుచ్చాడు. అంకె రాలేదు. తీసి దులిపి మళ్ళీ గుచ్చాడు.

"ఇది చచ్చింది. ఇంకో బ్యాటరీ ఉందా?"

"లేదు" అంది మెరిన్, ఐవీ మూతి తుడుస్తూ.

"ఇది ఉడికిందంటావా?"

"నన్నడుగుతావేం? నాకేం తెలుసు" అంది.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో లారీ గేరు మార్చిన మోత. లారీ, దాని వెనక ఆ పాత ఆకుపచ్చ పికప్. ఊరు దాటే రోడ్డెక్కాలంటే ఈ వీధిలోంచే పోవాలి. గ్లెన్ పట్టకారు పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాడు. లారీ వాకిలి దాటింది. పికప్ కూడా దాటింది. నడిపే మనిషి ఇటు చూడలేదు.

మెరిన్ బల్ల మీద ఐదో పళ్ళెం పెట్టింది, అంతే.

గ్లెన్ దాన్ని చూశాడు. చూసి, గేటు తోసుకుని ఉరికాడు. ఒక చెప్పు గేటు దగ్గరే ఉండిపోయింది.

"నాన్నా, ఆగు. ఆగవయ్యా బాబూ."

ఎదురింటి మెట్ల మీంచి నెవ్, "డబ్బా రాత్రే బయట పెట్టుకోవాల్సింది" అన్నాడు.

పికప్ వేగం తగ్గి, మూడిళ్ళ అవతల ఆగింది. గ్లెన్ రొప్పుతూ కిటికీ పట్టుకున్నాడు.

"ఏంటి?" అన్నాడు లెస్, ముందుకే చూస్తూ.

"మాంసం ఉడికిందో లేదో తెలీట్లేదు."

"నీ దగ్గర ఆ పుల్ల ఉందిగా."

"పనిచెయ్యట్లేదు." గ్లెన్ వంగి, "నీ చెయ్యి కావాలి నాన్నా" అన్నాడు. కిటికీలోంచి పట్టకారు అందించాడు, పిడి ఆయన వైపు తిప్పి.

లెస్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బండి ఇంజను ఆపేశాడు.

పెరట్లోకి వచ్చి ఎవరినీ పలకరించలేదు. పొయ్యి ముందు నిలబడ్డాడు. టిక్, టిక్, టిక్. తొడని ఓసారి నొక్కి చూశాడు, ముక్కు దగ్గరగా పెట్టి వాసన పట్టాడు.

"ఇంకో పావుగంట" అన్నాడు. మంట వైపే చూస్తూ, "ఆనాడు కూడా పచ్చిదే" అన్నాడు.

"అయినా నేనలా లాక్కోకూడదు" అన్నాడు గ్లెన్.

ముందెళ్ళిన లారీ తిరిగొచ్చి వాకిట్లో ఆగింది. ఏమైందో చూద్దామని డ్రైవరు లోపలికొస్తే, మెరిన్ అతనికీ ఓ పళ్ళెం పెట్టింది. వాసనకి నెవ్ తన కుర్చీ తనే మోసుకుని వచ్చాడు. లెస్ మాంసం కోశాడు. టెస్ తాత పక్కన చోటు పట్టేసుకుంది. బీట్రూట్ డబ్బా, రొట్టె, టమాటా సాసు బల్ల చుట్టూ తిరిగాయి.

అప్పుడు మెరిన్ జేబులోంచి, కొవ్వు చిటపటల నడుమ, టిక్, టిక్, టిక్.

అందరూ విన్నారు. "అది రేపటి చప్పుడు తాతా" అంది టెస్.

"రేపేం కాలుస్తున్నాను?" అన్నాడు లెస్.

"చేపలు. పొద్దున్న ఇద్దరం జెట్టీకి పోతే" అన్నాడు గ్లెన్.

డ్రైవరు చెంచా ఆపి, "అయితే సామానంతా మళ్ళీ దించాలా ఏంటి?" అని అడిగాడు.

"ముందు తిను, చల్లారిపోతుంది" అన్నాడు లెస్, అతని పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ. ఆపైన పట్టకారు తన పళ్ళెం పక్కనే పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. అందరూ మళ్ళీ తినడంలో పడ్డారు.