వంకర కిటికీ

మా అత్తగారు దర్జీ. పంతొమ్మిదేళ్లుగా ఈ అద్దింట్లోనే, వీధివైపు కిటికీ పక్కన మిషను వేసుకుని కుడుతున్నారు. ఆ కిటికీ ఎడమవైపు రెండంగుళాలు పొట్టి. దానికి తెర కుట్టినప్పుడల్లా, కట్టిన మేస్త్రీని ఆవిడ నోరారా తిట్టేవారు.

నెల కిందట ఓనరు ఖాళీ చెయ్యమని నోటీసు పంపాడు. కొడుకు కాపురానికి ఇల్లు కావాలట. సొంత కాపురానికైతే చట్టం ఒప్పుకుంటుందిగానీ, వ్యాపారం కోసం మమ్మల్ని గెంటెయ్యడానికి ఒప్పుకోదని వకీలు చెప్పాడు. ఓనరుది అబద్ధమని నాకు తెలుసు, కానీ రుజువేదీ? ఇల్లు పోతే వాడుక జనమూ పోతారు, ఈ వయసులో ఆవిడ మళ్లీ మొదలుపెట్టలేరు. నాకు ఒళ్లు మండిపోయేది. అత్తగారేమో సూదిలో దారం ఎక్కిస్తూ, చూద్దాంలే అనేవారు.

దర్జీల్లో ఒక అలవాటుంది. పని మీద పడితే కొలతల చీటీతో సహా తోటివాళ్లకు పంచేస్తారు. పాపం, ఓనరుకి ఆ సంగతి తెలియదు. మాకు తెలియకూడదని బజారు దర్జీకి తెరల పనిచ్చాడు. పెళ్లిళ్ల బట్టలతో సతమతమవుతున్న ఆ దర్జీ, దాన్ని తెచ్చి మా అత్తగారి ముందే పెట్టాడు.

చీటీ మీద ఓనరు సంతకం. లాడ్జి, నాలుగు గదులు, తొందరగా కావాలి. కొలతలు చదువుతూ అత్తగారు ఒకచోట ఆగారు.

"ఎడమవైపు రెండంగుళాలు తక్కువట. ఇది మన కిటికీ కదే?"

నేను గబగబా వకీలు దగ్గరికి పరుగెత్తాను.

కోర్టులో ఓనరు తడుముకోలేదు. ఆ కొలతలు ఇంకెక్కడో ఉన్న భవనానివన్నాడు. అయితే చూసి రమ్మని జడ్జిగారు ఒక ఉద్యోగిని మా ఇంటికి పంపారు. అత్తగారు చీటీ ప్రకారం కుట్టిన తెర ఆయన చేతికిచ్చారు. ఆయనే స్టూలెక్కి తగిలించాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. మిగతా మూడు గదుల కొలతలూ సరిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ ఓనరు ముఖాన నెత్తురుచుక్క లేదు.

వారం తిరక్కుండా నోటీసు కొట్టేశారు. సరైన కారణం లేకుండా మమ్మల్ని కదిలించకూడదని తీర్పు చెప్పారు. నేను కోర్టు వరండాలోనే ఏడ్చేశాను, సంతోషం పట్టలేక.

ఇంటికి రాగానే అత్తగారు చెప్పులైనా విప్పకుండా కిటికీ దగ్గరికెళ్లి, ఆ వంకర చెక్కని చేత్తో నిమిరారు.

"ఏ మేస్త్రీవో గానీ నాయనా, నీ కడుపు చల్లగుండ," అని మిషను ముందు కూర్చున్నారు.