నాలుగు వరసల కుట్లు

మా ఆయన దర్జీ. ముప్పై రెండేళ్ళుగా మా వీధిలో పెరిగిన పొట్టలూ తరిగిన పొట్టలూ అన్నీ ఆయన టేపుకి తెలుసు. బట్టలు బిగుతుగా కుట్టావని ఎవరైనా గొడవకొస్తే, నోరు మెదపకుండా వాళ్ళ నడుం కొలిచి అంకె చూపిస్తాడు. ఆయనకి కోపం ముక్కు మీద ఉంటుంది, నాకు నాలుక మీద ఉంటుంది. అందుకే కాపురం సజావుగా సాగుతోంది.

అలాంటి మనిషికి కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగానే గుండెనొప్పి వచ్చింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో స్టెంట్ వేసి, నూనె, ఉప్పు, కొవ్వు తగ్గించమని చెప్పి పంపారు. ఈయన "తగ్గించు" అన్న మాట ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు. ముందు వేపుళ్ళు పోయాయి. తర్వాత పాలు, గుడ్డు, చేప. చివరికి ఉడికించిన కూరగాయలూ, నాలుగు ముద్దల అన్నమూ మిగిలాయి. "తిన్నదంతా పోయి నాళాల్లో అడ్డం పడుతుందే" అనేవాడు. భయపడి నేనూ ఆయన అడిగినంతే వండాను. పైగా పక్కింటావిడ దగ్గర "మా ఆయన నిగ్రహం ఇంకెవరికీ రాదు" అని గొప్పలు పోయాను. ఆ మాట గుర్తొస్తే నన్ను నేనే లెంపలేసుకోవాలనిపిస్తుంది.

కట్టుకున్నదానివి, మనిషి చిక్కిపోతుంటే కనబడలేదా అంటారు. కనబడనివ్వలేదు మరి! ప్యాంటు కాస్త వదులైతే చాలు, నడుం దగ్గర అంగుళం లోపలికి పట్టి కుట్టేసుకునేవాడు. చొక్కాలూ అంతే. "వదులు బట్టల దర్జీ దగ్గరికి ఎవరొస్తారే?" అనేవాడు. ఐదు నెలలు ఆయన బట్టలు ఆయనకి అతికినట్టే ఉన్నాయి.

ఐదో నెలలో నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దాసుపత్రికి వెళ్ళాం. మూడు చోట్ల అడ్డంకులున్నాయి, వచ్చే వారమే బైపాస్ చేస్తామని సర్జన్ చెప్పి, ముందు డైటీషియన్‌ని కలవమన్నాడు.

ఆ అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. బరువు చూసి, "ఎత్తుకి తగ్గట్టే ఉన్నారు బాబాయ్" అంది. మా ఆయన నా వైపు గర్వంగా చూశాడు. తర్వాత చేతి పట్టు చూసే పరికరం ఇచ్చి, గట్టిగా నొక్కమంది. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది.

"కత్తెర పట్టే చెయ్యి ఇంతేనా? నొప్పి రాకముందు బరువెంత ఉండేవారు?"

"ఎప్పుడూ ఇంతే. కావాలంటే ఈ ప్యాంటు చూడమ్మా, ఒక్క చోట వదులుందేమో!"

అబద్ధం ఎందుకు చెబుతున్నాడో నాకు తెలుసు. ఆపరేషన్ వాయిదా పడితే ఈలోగా గుండె ఆగిపోతుందని ఆయన భయం. నాదీ అదే భయం. అందుకే నేనూ నోరు విప్పలేదు.

ఆమె మాత్రం నిజంగానే ప్యాంటు చూసింది. నడుం పట్టీ బయటికి మడవమని, వంగి లోపలి కుట్ల మీద వేలు పెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసలున్నాయి. ఒక్కోసారి ఎంత పట్టారు?"

కొలత అడిగితే మా ఆయన అబద్ధం చెప్పలేడు. "అంగుళం" అన్నాడు, వెంటనే తల దించుకున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కాస్త తగ్గాడనుకున్నాను గానీ, నాలుగు అంగుళాలని ఇంట్లో ఉన్న నాకు ఐదు నెలల్లో తెలియలేదు, ఆ అమ్మాయి ఐదు నిమిషాల్లో కనిపెట్టింది.

"కొవ్వుతో పాటు కండ కూడా పోయింది బాబాయ్. బరువు సరిపోయింది కదా అని బలం ఉన్నట్టు కాదు. ఇలాగే కోస్తే గాయం మానడం కష్టం. ఆరు వారాలు ఆగడం కుదురుతుందేమో సర్జన్‌గారితో మాట్లాడతాను."

మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "తినొద్దన్నదీ మీరే, తినమనేదీ మీరే! ఈలోగా నేను పోతే?"

"తగ్గించమన్నారు గానీ మానెయ్యమనలేదు కదా. సరే, చీకిపోయిన గుడ్డ తెచ్చి గట్టిగా కుట్టమంటే ఏం చేస్తారు?"

"కుట్టను. సూది దిగిన చోటల్లా చిరుగుతుంది..." అంటూ సగంలో ఆగిపోయాడు. కాసేపు తన చేతులకేసి చూసుకుని, మెల్లగా కూర్చున్నాడు.

ఆమె మా ఎదుటే సర్జన్‌కి ఫోన్ చేసింది. అటువైపు ఆయన విసుక్కోవడం మాకు వినబడుతూనే ఉంది. ఈమె గొంతు పెంచలేదు, పట్టు విడవలేదు. చివరికి సర్జన్ పరీక్షలన్నీ మళ్ళీ చూసి, మందులు మార్చి, వారం వారం చూపించుకోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

గుడ్డు, చేప, పాలు, చిక్కుడు గింజలు, గుప్పెడు పల్లీలు. కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు తినమని ఆమె రాసిచ్చింది. మొదటి గుడ్డుని మా ఆయన బాంబుని చూసినట్టు చూశాడు. రెండో వారం తూకం రోజున, కండ పట్టినట్టు కనబడాలని చొక్కా భుజాల్లో దూది పెట్టి కుట్టుకుని మరీ వచ్చాడు. ఆమె చొక్కా వంక చూడనే లేదు. ప్యాంటు కాలు పైకి జరిపి టేపు వేసింది. "పిక్కలో దూది పెట్టడం మర్చిపోయారు బాబాయ్!" నేను కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి బుద్ధిగా తిన్నాడు. ఆరో వారానికి రెండు వరసల కుట్లు విప్పాడు, పరికరంలో ముల్లు ముందుకి జరిగింది. సర్జన్ సరేనన్నాడు.

ఆపరేషన్ రోజున నర్సు ఆయన బట్టలు సంచిలో పెట్టి నాకిచ్చింది. ఐదు గంటలు ఆ ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా విప్పని రెండు వరసలు వేలికి తగులుతూనే ఉన్నాయి. ఆయనకి తక్కువ వండి పెట్టింది ఈ చేతులేనని ఏడ్చాను. ఆ అమ్మాయి కనిపెట్టకపోతే ఏమయ్యేదో అనుకుని మళ్ళీ ఏడ్చాను.

గండం గడిచింది. ఆమె వార్డుకి రోజూ వచ్చి, ఆయన పాల కప్పు ఖాళీ అయ్యేదాకా మంచం పక్కనే కూర్చునేది. గాయం చక్కగా మానుతోందని చెప్పి, పదకొండో రోజున ఇంటికి వెళ్ళొచ్చన్నారు.

ఆయన ప్యాంటు వేసుకున్నాడు. అది జారింది. ఆపరేషన్ మళ్ళీ కొంత కండ తినేసింది. నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయని ఆయనకి తెలుసు. సంచి గట్టిగా పట్టుకుని, "సూది ఇచ్చేది లేదు" అన్నాను.

"ఎవరడిగారే?" అన్నాడు.

ఇస్త్రీ మడత చెదిరితే గుమ్మం దాటని మనిషి, నడుం దగ్గర గుడ్డ పిడికిట్లో పట్టుకుని, అందరూ చూస్తుండగా వరండా పొడవునా నడిచాడు. ఆ అమ్మాయి గది ముందు ఆగాడు.

"ఇంత వదులుగా ఉంటే కుట్టుకోలేదేం బాబాయ్?"

"ప్యాంటు కొలత సరిగ్గానే ఉందమ్మా. దానికి సరిపోవాల్సింది నేనే."

ఆమె కుర్చీ జరిపి, టేపు తీసింది.