నాలుగు దెబ్బల పిలుపు

వాగు మోకాటి లోతే ఉంది, అయినా సోయం ముత్తడు డోలు భుజానేసుకుని ఎంత నడిచినా అవతలి ఒడ్డు రావడం లేదు. నీళ్ళు మెల్లగా పేడతో అలికిన వాకిలవుతున్నాయి, అది అక్క పెళ్ళినాటి వాకిలి, ఆ వాకిట్లో నిరుడు సర్కారు తుపాకులకు బలైపోయిన బావ కుంజా భీమయ్య గొంతుకూర్చుని అడవిపంది తల కోస్తున్నాడు.

"రారా, నీ వాటా ఈడనే ఉంది," అంటాడు, నిన్ననే కలిసినట్టు.

వేటలో పడ్డ ఆ పంది తల ఏ గట్టు వంశానికి చెందాలన్న పంతంతోనే, సర్కారు మీద కలిసి విల్లెత్తిన రెండు కోయ వంశాలు, మూడో గట్టూ నాలుగో గట్టూ, వాగుకు చెరో పక్కకు చీలిపోయాయి.

"ఇంత రచ్చ జేసిన తలల ఏముందో ఎరికేనా? పళ్ళు! మీ పెద్ద లచ్చయ్య నోట్ల పళ్ళకన్నా రెండెక్కువ."

ముత్తడికి నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఏడుపవుతుంది.

"బావా, ఆ దినం పోలీసులొస్తుంటే గుట్ట మీదికెల్లి సూసిన. మా గట్టు పిలుపు మూడు దెబ్బలే కొట్టిన. మీ నాలుగు కొట్టొద్దన్నడు లచ్చయ్య."

"ఇన్నంరా. మా పిలుపు గాదు గదా అని అంబలి తాగుకుంట కూసున్నం. బుద్ధి తక్కువ నీకొక్కనికేనా?"

"అక్క నాతోని మాట్లాడతలేదు."

"మాట్లాడ్తది. ముందు నాలుగు తగిలిస్తది, తగిలియ్యనియ్యి."

బావ పసిబిడ్డ నుదురు చూసినట్టు డోలు తోలు మీద అరచెయ్యి పెడతాడు. "సల్లబడ్డదిరా. ఎండకు పెట్టు," అంటూ తనే దాన్ని వెలుగులోకి జరుపుతూ, జరుపుతూ, నీళ్ళలో నీడలా పలచబడిపోతాడు.

ముత్తడికి మెలకువ వచ్చింది. గుట్ట మీద కాపలాకు కూర్చుని ఇప్పచెట్టు కింద కునుకు తీశాడు. దిగువన రేవు దగ్గర చెట్ల సందుల్లో పోలీసుల తలపాగాలు కదులుతున్నాయి. "కనబడితే మూడే కొట్టు," అని పొద్దున లచ్చయ్య మళ్ళీ చెప్పి పోయాడు. అవతలి ఒడ్డున నాలుగో గట్టు గుడిసెల్లో అక్క పొయ్యి పొగ లేస్తోంది.

నీడలో పెట్టుకున్న డోలు మీదికి ఎండ పాకింది. తోలు తాకి చూశాడు. వెచ్చగా, బిగుసుకుని ఉంది.

ముందు నాలుగు కొట్టాడు.