అదురు తక్కువ మిషన్

మిషన్ కొనడానికి వెళ్లే మనిషికి నోరుండాలి. అది నాకుంది. మా తమ్ముడికి లేదు. ఆరడుగుల మనిషి, నలభై దాటాయి, అయినా సైట్లో అందరికీ ఇప్పటికీ బుడ్డోడే. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

మా ఇద్దరిదీ ఒకటే పని. కట్టే భవనాల్లో శ్లాబుకు కిందివైపు నుంచి రంధ్రాలు కొట్టి, బోల్టులు బిగించి, పైపులు వేలాడదీస్తాం. ఎక్కడ కొట్టాలో కొలిచి గీసేది నేను. నిచ్చెనెక్కి హ్యామర్ మిషన్‌తో కొట్టేది వాడు. మామూలు డ్రిల్లు ఊరికే తిరుగుతుంది. హ్యామర్ మిషన్ తిరుగుతూనే సుత్తి దెబ్బలు కూడా వేస్తుంది. అందుకే కాంక్రీటులోకి దిగుతుంది. ఆ దెబ్బల్లో కాంక్రీటుకు పోగా మిగిలింది పట్టుకున్నవాడి చేతికి. ఇన్నేళ్ల తర్వాత వాడి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, చల్లగాలి తగిలితే తెల్లగా పాలిపోతున్నాయి. ఈ సంగతి వాడు చెప్పలేదు, మరదలు చెప్పింది.

"చొక్కా బొత్తాలు నేనే పెడుతున్నాను వదినా" అంది.

నాకు ముందు ఒళ్లు మండింది, తర్వాత భయమేసింది. వాడి చెయ్యి పోతే మా పని పోయినట్టే. పని లేకుండా ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చునే రకం కాదు వాడు, లోలోపల కుంగిపోతాడు.

బలవంతంగా డాక్టరు దగ్గరికి పంపాను. తిరిగొచ్చి, "అదురు తగ్గించమన్నాడు" అన్నాడు. ఇంతేనా అనుకున్నాను. అదురు తక్కువుండే మిషన్ కొంటే సరి. దానికోసం ఎన్ని షాపులైనా తిరుగుతానని మరదలికి మాటిచ్చి, వాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను.

షాపాయన మమ్మల్ని చూడగానే ఉన్నవాటిలో పెద్దది తెచ్చి బల్ల మీద పెట్టాడు. "దీనికి తిరుగులేదండీ. గోడలు పడగొట్టాలన్నా ఇదే."

"మేం గోడలు పడగొట్టం. వేలంత హోల్స్ కొడతాం, అదీ నెత్తి మీద" అన్నాను. "ఇంత బరువు పొద్దస్తమానం పైకెత్తి పట్టుకోడానికి మీరొస్తారా?"

ఆయన నవ్వేసి దాన్ని పక్కకు తీశాడు. ఇక నేను మొదలుపెట్టాను. మిషన్ కొసన తిరిగే బిట్టు శ్లాబులో ఇనుప కడ్డీకి తగిలి ఇరుక్కుంటే మిషన్ మన మణికట్టును మెలితిప్పేస్తుందా, లేక లోపల క్లచ్ జారి విడిచిపెడుతుందా? హ్యాండిల్ లోపల నిజంగా స్ప్రింగుందా, పైన రబ్బరు తొడిగి అదే గొప్పంటున్నారా? షాపు వెనక పెరట్లో నేలమీదున్న కాంక్రీటు దిమ్మె చూపించి కొట్టి చూసుకోమని ఆయనంటే నేను ఒప్పుకోలేదు. కిందికి కొట్టేటప్పుడు ఏ మిషనైనా బంగారమే, దాని బరువే దానికి సాయం. అసలు గుణం పైకెత్తినప్పుడు బయటపడుతుంది. పక్కన పడున్న శ్లాబు ముక్కను రెండు ఎత్తైన స్టాండ్ల మీదికి ఎక్కించమన్నాను. ఆయన సణిగాడు గానీ, మనుషుల్ని పిలిచి ఎక్కించాడు.

వడపోయగా మూడు మిగిలాయి. మొదటిది నాకు తెగ నచ్చింది. హ్యాండిల్‌కు మంచి స్ప్రింగుంది, వాడి పెద్ద చేతికి నిండుగా అమరింది. వాడు మాత్రం పెదవి విరిచాడు.

"లావుగా ఉందక్కా."

"ఎవరికి? నీ చేతికా?"

"నువ్వోసారి పట్టుకో."

పట్టుకున్నాను. నా వేళ్లు చుట్టూ అందలేదు. అందకపోతే ఏమిటట, కొట్టేది నేనా?

రెండోదానికి స్విచ్చు దూరమన్నాడు. దాన్నీ నా చేతిలో పెట్టి, నా చూపుడువేలు స్విచ్చు మీదికి వస్తుందో లేదో వంగి మరీ చూశాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మీ ఆవిడ వంటకి కూడా ఇన్ని వంకలు పెట్టవు కదరా" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. మూడోది అన్నిటికంటే తేలిక, హ్యాండిల్ సన్నం. దాన్ని కూడా నాచేత పట్టించి, పైకెత్తించి, దించమన్నాడు. అప్పుడు తలూపాడు.

"ఇదే తీసుకుందాం."

"నీ చేతిలో ఆటబొమ్మలా ఉంటుందిరా."

"నా చేతికి కాదక్కా."

షాపాయన మా ఇద్దరి మొహాలూ చూసి, బిట్లు తెస్తానంటూ లోపలికి వెళ్లాడు.

"డాక్టరు తగ్గించమన్లేదు, మానెయ్యమన్నాడు" అన్నాడు తమ్ముడు. "ఇంకా పట్టుకుంటే ఈ వేళ్లు మళ్లీ నా మాట వినవన్నాడు. నువ్వు కంగారుపడతావని సగమే చెప్పాను."

వాణ్ణి నాలుగు తిట్టాలనిపించింది. అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది, ఏడ్చాను కూడా.

"ఇంకొకర్ని పెట్టుకుంటే వాళ్లు కొడతారు, నువ్వు గీస్తావు. మధ్యలో నాకేం పనుంటుంది?" అన్నాడు. "నువ్వు కొడితే గీసే పని నేను చేస్తా. ఒక పూట కొట్టు, ఒక పూట ఆపు. నాలాగా మొండికెత్తి రోజంతా పట్టుకోకు."

"నాకు రాదురా."

"నేనున్నా కదా."

స్టాండ్ల మీది శ్లాబు ముక్క కిందికెళ్లి, కళ్లల్లో దుమ్ము పడకుండా అద్దాలు పెట్టుకున్నాను. చేతి తొడుగులు వాడే సరిచేశాడు. మిషన్ తలపైకెత్తి, బిట్టు శ్లాబుకు ఆనించాను.

"నొక్కకు. కొట్టేది అది. నువ్వు తిన్నగా పట్టుకుంటే చాలు. మోచేతులు దగ్గరికి తే."

స్విచ్చు నొక్కాను. దుమ్ము మొహం మీద రాలింది. కొంచెం దిగిందో లేదో టకటకమని శబ్దం, మిషన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"కడ్డీ తగిలింది. దాంతో పోట్లాడకు. బయటికి తీసి పక్కకు జరుగు."

జరిగాను. ఇంకొకరు చెప్పినట్టు నేను చేశానంటే మరదలు నమ్మదు. రెండోసారి బిట్టు నిటారుగా, మెత్తగా దిగడం మొదలైంది. ఏమాటకామాటే చెప్పాలి, బాగుంది. పని నా చేతికి వస్తుందని అప్పుడే తెలిసిపోయింది. సగానికొచ్చేసరికి మాత్రం భుజాలు లాగి, చేతులు వణికాయి. తమ్ముడు చూడలేక, రెండు అరచేతులూ నా మోచేతుల కింద పెట్టి ఎత్తి పట్టాడు.

నేను స్విచ్చు వదిలేశాను.

"చేతులు తియ్యరా. అదురు తగులుతుంది."

"పట్టుకోగలవా?"

"పట్టుకుంటా. నువ్వు తియ్యి."

వాడు తీశాడు. నేను మళ్లీ స్విచ్చు నొక్కాను.