చెంప మొద్దుబారిన వడ్రంగి

ఆసుపత్రి కింది అంతస్తులోని ల్యాబ్‌లో ఆ డాక్టరమ్మ ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. రోగుల ఒంటి ముక్కలే తప్ప మొహాలు ఎరగదు. భర్త పోయాక ఇంట్లోనూ పలకరించే దిక్కు లేదు.

ఆ ఉదయం వచ్చిన నమూనా ఒక వడ్రంగిది. రక్త క్యాన్సర్ మందులకు ఒంట్లో రోగనిరోధక శక్తి అడుగంటింది. వారంగా జ్వరం, ముక్కు దిబ్బడ. స్లైడు మీద ఏమీ కనబడలేదు. కానీ చీటీ చివర నర్సు రాసిన మాట ఆమెను పట్టుకుని వదల్లేదు: ‘కుడి చెంప మొద్దుబారిందంటున్నాడు.’

సర్జన్‌కి ఫోన్ చేసింది.

"బాబూ, ఇంకో ముక్క కావాలి. ఇంకాస్త లోపలినుంచి."

"కదిలిస్తే రక్తం ఆగదు మేడమ్. మామూలు సైనసే అయ్యుంటుంది."

"మామూలు సైనస్‌కి చెంప స్పర్శ పోదు. ఫంగస్ అయితే కంటిదాకా పాకుతుంది. తియ్యండి. ఎవరైనా అడిగితే నేనే చెప్పానని చెప్పండి."

మధ్యాహ్నానికి మిరియపు గింజంత నల్లటి ముక్క వచ్చింది. కండను కరిగించే పొటాష్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. గోధుమరంగు సన్నటి పోగులు, మధ్యమధ్య అడ్డుగోడలు. అందరూ భయపడే బ్లాక్ ఫంగస్ పోగులు రిబ్బన్లలా వెడల్పుగా ఉంటాయి. ఇది వేరే జాతి, మందూ వేరే. ఇలాంటిది ఆమె చూడడం రెండోసారి. మొదటిసారి గుర్తుపట్టేసరికే మనిషి పోయాడు.

గబగబా ఫోన్ ఎత్తింది.

సాయంత్రమే ఆపరేషన్ చేశారు. పై దవడలో కొంత పోయింది, కన్ను దక్కింది.

వారం తర్వాత ఆమె ఎందుకో మేడ ఎక్కింది. ఇన్ఫెక్షన్ సోకకుండా విడిగా ఉంచే గాజుగదిలో వడ్రంగి ఒక్కడే మంచం మీద ఉన్నాడు. లోపలివాళ్లతో మాట్లాడేందుకు బయట గోడకున్న ఫోన్ తీసింది.

"ఎవరమ్మా మీరు?" గొంతు ముద్దగా వచ్చింది.

"మీ ముక్కులో ముక్క చూసినదాన్ని."

"అయ్యో, చూడ్డానికి అంతకన్నా మంచిదేం దొరకలేదా!"

ఎన్నాళ్లకో ఆమె పైకి నవ్వింది.

"రేపూ వస్తారా?" అన్నాడు. "ఇక్కడ మాస్కులే కానీ మనుషులు కనబడరు."

నాలుగు రోజులు వెళ్లింది. తలుపుల గురించి, తేమకి ఉబ్బే చెక్క గురించి అతను చెబుతుంటే వింది. ఐదో రోజు గది ఖాళీ. నర్సు దగ్గరికి పరుగెత్తింది.

"రక్తకణాలు పెరిగాయి మేడమ్, వార్డుకి మార్చాం," అంది నర్సు.

వార్డు గుమ్మం దగ్గర ఆగిపోయింది. మంచం చుట్టూ భార్య, కూతురు, బావమరిది. అతనేదో చెబుతుంటే అందరూ నవ్వుతున్నారు. లోపలికెళ్లి ఏమవుతానని చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు.

మనిషి బతికాడు, అంతే చాలనుకుంటూ మెట్లు దిగింది. దిగుతూ ఉంటే చాలదనిపించింది.