మూల మడిచిన పేజీ

పుస్తకాల మూలలు మడిచేవాణ్ని లైబ్రేరియన్ కట్టుకోకూడదు. కట్టుకుంటే ఏమవుతుందో ఈ కథలో ఆవిడకి బాగా తెలుసు. ఆవిడ కాలేజీ లైబ్రేరియన్, ఆయన అదే కాలేజీలో లెక్కల లెక్చరర్. ఇరవై రెండేళ్ల కాపురంలో డబ్బు గురించి పోట్లాడుకోలేదు, చుట్టాల గురించి పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నదంతా పేజీల మూలల గురించే. ఆయన ఏం చదివినా మూల మడవాల్సిందే. ఆవిడ సాయంత్రం ఇల్లంతా తిరిగి ఆ మూలలన్నీ గోటితో సాపుచేసి, పైన లావుపాటి నిఘంటువు ఎత్తిపెట్టేది. ఆ నిఘంటువు బరువు చూస్తే దొంగ కూడా దండం పెట్టి వెళ్లిపోతాడు. "ఇంట్లో డజను బుక్‌మార్కులు పడున్నాయి కదండీ, ఆ చేతికేం రోగం?" అనేది. ఆయన నవ్వి ఇంకో మూల మడిచేవాడు.

ఆయన పోయి మూడేళ్లయింది. పోకముందు ఆరేళ్లు, ఉద్యోగం మానకుండా, దూరవిద్యలో పీహెచ్‌డీ చేశాడు. పట్టా వచ్చింది. వీధి తలుపు పక్కన పేరుకి ముందు 'డాక్టర్' అని చెక్కబోర్డు కూడా తగిలించాడు. నెల తిరక్కుండా కాలేజీ నుంచి కాగితం వచ్చింది. ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఉందట గానీ, అది దూరవిద్యలో ఇచ్చే పీహెచ్‌డీకి లేదట! ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. ఆయన బోర్డు తీసి అటకమీద పెట్టాడు, మేకు మాత్రం పీకలేదు. ఏడాదిన్నర తర్వాత క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ, సుద్దముక్క చేతిలో ఉండగానే కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఆవిడ మాత్రం ఆ కాగితమే ఆపిందని నమ్మింది.

ఇప్పుడు అదే గండం ఆవిడ నెత్తిన పడింది. పీహెచ్‌డీ లేని లైబ్రేరియన్లని వచ్చే ఏడాది నుంచి ఉంచుకోకూడదని కొత్త రూలు. చేరినట్టు రసీదు చూపిస్తే మాత్రం పూర్తయ్యేదాకా గడువిస్తారు.

"శుక్రవారం సాయంత్రం లోపు రసీదు నా బల్లమీద ఉండాలమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "గుర్తింపు చూసుకుని మరీ చేరండి. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్నది ఆవిడా, చూపు సగం పోయిన అత్తగారూ. ఇద్దరికీ ఆ జీతమే ఆధారం.

ఉద్యోగం మానకుండా చదవాలి, గుర్తింపు ఉండాలి, జీతానికి అందేలా ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఏ యూనివర్సిటీ పలుకుతుంది? వెతగ్గా వెతగ్గా మూడు ప్రాస్పెక్టస్‌లు తేలాయి. నీలం అట్టది అన్నిటికన్నా చవక. ఆకుపచ్చది మధ్యరకం. బూడిదరంగుది కాస్త ఖరీదు, ఏడాది ఎక్కువ పడుతుంది, పైగా ఏటా సెలవుల్లో నెల్లాళ్లు అక్కడికి వెళ్లి కూర్చోవాలి. మూడింటినీ భోజనాల బల్లమీద వరసగా పెట్టి, ఆదివారం పడుకుంది.

సోమవారం పొద్దున పాలు పొయ్యిమీద పెట్టి వచ్చి చూస్తే, నీలం ప్రాస్పెక్టస్‌లో ఒక పేజీ మూల మడిచి ఉంది.

గాలికి మడతపడి ఉంటుందిలే అనుకుంది. అలవాటుగా సాపుచేసి నిఘంటువు పెట్టింది. మంగళవారం పొద్దున నిఘంటువు పక్కన ఉంది. నీలందాంట్లో అదే మూల మళ్లీ మడిచి ఉంది, ఆకుపచ్చదాంట్లో కూడా ఒకటి. మడత మీద ఏదో తెల్లగా కనిపిస్తే వేలితో తుడిచి చూసింది. సుద్దపొడి. పాలు పొంగి పొయ్యంతా కారుతున్నా కదల్లేకపోయింది.

"అత్తయ్యా, ఈ కాగితాలు మీరేమైనా ముట్టుకున్నారా?"

"నా చూపుకి కాగితమేదో గోడేదో తెలిస్తే కదే ముట్టుకోడానికి! ముందు ఆ పొయ్యి కట్టెయ్. మాడు వాసన నాక్కూడా తెలుస్తోంది," అంది పెద్దావిడ.

ఆ రోజంతా లైబ్రరీలో పుస్తకం తీసుకుంటున్న ప్రతి చేతినీ చూస్తూ కూర్చుంది. భయం వేసింది, అంతకన్నా ఎక్కువ ఆశ పుట్టింది. వెనకాల ఎవరో నిలబడి తన భుజం మీదుగా చదువుతున్నట్టే ఉంది. తిరిగి చూస్తే బీరువాలు. రాత్రి మళ్లీ రెండూ సాపుచేసి నిఘంటువు పెట్టినా, బుధవారం పొద్దునకి అవే రెండు మడతలు. నీలందాన్ని రెండుసార్లు కాదు, మూడుసార్లు మడిచాడు. అంటే ఇదే చేరమంటున్నాడు. చవక కూడాను. సరే, మీ మాటే కానివ్వండి అని గొణుక్కుని నీలం దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది.

"ఏది ఖాయం చేశావే?" అంది అత్తగారు, గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడుతూ.

చెబితే పిచ్చిదనుకుంటుందేమో అని కాసేపు నసిగింది. చివరికి చెప్పేసింది. పెద్దావిడ నవ్వలేదు, బెదరలేదు.

"వాడు నచ్చిన పేజీ ఏనాడు మడిచాడే? చిన్నప్పట్నుంచీ అర్థంకాని లెక్క ఉన్న పేజీయే మడిచేవాడు. పొద్దున్నే లేచి, మళ్లీ దాని ముందు కూర్చోడానికి. అర్థమైన పుస్తకం కొత్తదానిలా ఉండేది. ఇన్నేళ్లు కాపురం చేశావు, అదీ తెలీదా?"

నిజమే, ఎందుకు మడుస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు. మడవద్దనే చెప్పింది.

లేచి బీరువా తెరిచింది. ఆయన థీసిస్ వెనకాల, ఆయన చేరిన యూనివర్సిటీ పాత ప్రాస్పెక్టస్ ఉంది. ఒక్కో పేజీ తిప్పింది. ఎక్కడా మడత లేదు. గుర్తింపు గురించి రాసిన పేజీ దగ్గర ఆగి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. మూలన సన్నటి గీత కనిపించింది. మడిచి, సాపుచేసి, బరువు పెట్టిన గీత. కాగితం ఒకసారి మడిస్తే మరిచిపోదని లైబ్రరీలో పిల్లలకి రోజూ చెప్పే మాట తనదే.

ఆయనకి అప్పుడే అనుమానం వచ్చింది. ఆ పేజీ దగ్గరికి పొద్దున్నే మళ్లీ రావాలనుకున్నాడు. తను ఆ సాయంత్రమే సాపుచేసేసింది. ఆయన ఇంకో నాలుగు రోజులు నానుస్తుంటే, "గుర్తింపు ఉందని రాసే ఉంది కదండీ, ఇంకెన్నాళ్లు? కట్టేయండి" అన్నది కూడా తనే.

"నేనే అత్తయ్యా," అని కింద కూలబడి ఏడ్చింది. "నేనే సాపుచేశాను." పెద్దావిడ తడుముకుంటూ వచ్చి తల మీద చెయ్యి వేసింది.

గురువారం సెలవు పెట్టి ఫోన్ ముందు కూర్చుంది. నీలం మడత గుర్తింపు పేజీ మీదే ఉంది.

"మా యూనివర్సిటీకి గుర్తింపు ఉందండీ," అన్నాడు అవతల గుమస్తా.

"యూనివర్సిటీకి కాదు నాయనా. దూరవిద్యలో మీరిచ్చే పీహెచ్‌డీకి ఉందా?"

అతను నీళ్లు నమిలాడు. "ప్రాసెస్‌లో ఉందండీ. సీట్లు మాత్రం అయిపోతున్నాయి, ఇవాళే కట్టేస్తే మంచిది."

కట్టేస్తే మంచిదట! ఫోన్ పెట్టేసి నీలం దరఖాస్తు రెండు ముక్కలు చేసింది. ఆకుపచ్చ మడత ఫీజుల పేజీ మీద ఉంది. అడగ్గా అడగ్గా తెలిసింది, గైడ్‌కి ఏటేటా విడిగా కట్టాలట, ఎంతో ఆ గైడే చెబుతాడట. అదీ పక్కకి పోయింది.

బూడిదరంగుదాంట్లో ఒక్క మూల కూడా మడవలేదు. దూరవిద్య పీహెచ్‌డీకి విడిగా గుర్తింపు ఉత్తర్వు, నంబరు, తేదీతో సహా అచ్చువేశారు. ఫీజు వాయిదాల్లో తీసుకుంటారట. ఖర్చు తగ్గించుకుంటే అందుతుంది. కానీ ఆ గుర్తింపు మూడేళ్లకే ఉంది, చదువు అయిదేళ్లు. మధ్యలో ఆగిపోతే? కాసేపు ఆ పేజీ వంక చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మూల పట్టుకుని మడిచింది.

తర్వాత గుర్తింపు ఇచ్చే మండలి ఆఫీసుకే ఫోన్ చేసింది. నలుగురి చేతులు మారాక ఒకావిడ ఓపిగ్గా విని, రాసి పంపిస్తానంది. సాయంత్రానికి ఉత్తరం మెయిల్‌లో వచ్చింది. గుర్తింపు ఉన్న కాలంలో చేరినవాళ్ల పట్టా, అది ఎప్పుడు పూర్తయినా చెల్లుతుందని సంతకంతో సహా ఉంది. నాలుగుసార్లు చదివింది. చదివినా లోపల బెరుకు పోలేదు, ఆయన కూడా అచ్చులో చూసే కదా మోసపోయింది. మడత విప్పకుండా అలాగే వదిలేసి పడుకుంది.

శుక్రవారం పొద్దున బల్ల దగ్గరికి వచ్చేసరికి బూడిదరంగు ప్రాస్పెక్టస్ మీద నిఘంటువు ఉంది. దాన్ని ఎత్తడం అత్తగారి వల్ల కాదు. రెండు చేతులతో పక్కకి జరిపి పేజీ తెరిచింది. మూల సాపుగా ఉంది, గోటితో గట్టిగా రుద్దినట్టు. దాని మీద రవ్వంత సుద్దపొడి ఉంది. బతికుండగా ఏనాడూ ఒక్క మూల సాపుచేయని మనిషి!

ఆ పొడిని తుడవలేదు. కళ్లు తుడుచుకుని దరఖాస్తు ముందుకి లాక్కుంది.

"ఇన్నేళ్లకి నేర్చుకున్నారా?" అంది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" అని అత్తగారు గదిలోంచి కేకేసింది.

"మీ అబ్బాయితో అత్తయ్యా. ఈ పేజీ ఆయనకి అర్థమైందట."